ధరల వార్త చదివి సంచి పట్టుకునే ముందు: శీర్షికను సరిచూసుకునే పద్ధతి

"నూనె రేటు తగ్గిందని పేపర్లో వేశారుగా, మీరెందుకు తగ్గించలేదు?"

విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్నగారి కిరాణా కొట్లో గల్లా దగ్గర కూర్చున్న రోజుల్లో ఈ మాట లెక్కలేనన్ని సార్లు విన్నాను. అడిగినవాళ్ల తప్పేం లేదు, పేపర్లో అలాగే ఉంది. నాన్నగారి తప్పూ లేదు, ఆ డబ్బాలు ఆయన పాత రేటుకే దించుకున్నారు. శీర్షిక సగం విషయం చెప్పి ఊరుకుంది, మిగతా సగం కోసం కౌంటర్ దగ్గర ఇద్దరు మంచివాళ్లు గొడవపడ్డారు.

ఇప్పుడు ఆ శీర్షికలు ఫోన్లోకి వచ్చాయి. "ఇది నిజమేనా, ఇప్పుడే కొనాలా, ఆగాలా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నేను పాటించే పద్ధతంతా వరసగా ఇక్కడ రాస్తున్నాను. మొదట్లో ఒక్కో వార్తకు పది నిమిషాలు పడుతుంది. నెల తిరిగేసరికి రెండు నిమిషాలు చాలు.

ఇందులో "ఇలాంటి శీర్షిక" అని ఇచ్చినవి నేను రాసుకున్న నమూనాలు. బస్తాలు, ప్యాకెట్ల లెక్కల్లోని రేట్లు కూడా లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

మీరు కిందటి నెల ఎంతకు కొన్నారో మీకు తెలియకపోతే ఏ వార్తనూ సరిచూసుకోలేరు. అందుకే పని పుస్తకంతో మొదలవుతుంది. స్కూలు నోట్‌బుక్ చాలు, ఫోన్లో నోట్స్ అయినా ఫర్వాలేదు.

మీ ఇంట్లో ఎక్కువ ఖర్చయ్యే పది, పన్నెండు సరుకులు మాత్రమే రాయండి. మా ఇంటి జాబితా ఇది: బియ్యం, కందిపప్పు, మినపగుళ్లు, పొద్దుతిరుగుడు నూనె, పాలు, గుడ్లు, చికెన్, ఉల్లిపాయలు, టమాటా, చింతపండు, కారం, గ్యాస్.

ఒక్కో సరుకుకు రాయాల్సినవి:

- కొన్న తేదీ, కొన్న చోటు
- రకం లేదా బ్రాండు
- అసలు బరువు (ప్యాకెట్ మీద చూసి రాయాలి, నోటి లెక్క కాదు)
- ఇచ్చిన డబ్బు
- కిలోకు లేదా లీటరుకు ఎంత పడింది

ఈ చివరి గడి చాలా ముఖ్యం. చాలామంది దాన్నే వదిలేస్తారు. "బియ్యం బస్తా 1,500" అని రాస్తే ఆరు నెలల తర్వాత అది ఎన్ని కిలోల బస్తానో గుర్తుండదు.

2. శీర్షిక వదిలేసి మొదటి మూడు పేరాలు చదవండి

"భారీగా", "షాక్", "గుడ్‌న్యూస్", "దిగొచ్చిన", "భగ్గుమన్న" లాంటి మాటలు కనిపిస్తే వాటిని చేత్తో మూసేసి అంకెలు మాత్రమే చూడండి. శీర్షికలో అంకె లేకుండా ఉత్త "భారీగా" మాత్రమే ఉంటే ఆ వార్త మీద అక్కడే నమ్మకం తగ్గించుకోవచ్చు.

తర్వాత తేదీ చూడండి. ఉల్లి, టమాటా వార్తలు పాతవే మళ్లీ తిరుగుతుంటాయి. వాట్సాప్‌లో వచ్చిన కటింగ్ ఫొటోలో తేదీ కత్తిరించి ఉంటే, తేదీ దొరికేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

3. ఎంత సరుకుకు ఆ ధర?

ఎక్కువ తికమక ఇక్కడే పుడుతుంది. కొలత మారితే అంకె పెద్దదిగానో చిన్నదిగానో కనిపిస్తుంది.

బంగారం వార్తలు గమనించండి. పెరిగితే ఒకసారి 10 గ్రాముల లెక్క, తగ్గితే ఇంకోసారి 100 గ్రాముల లెక్క. "ఏకంగా 5,000 తగ్గింది" అని ఉండి, లోపల అది 100 గ్రాముల మీద అని ఉంటే, 10 గ్రాములకు తగ్గింది 500 మాత్రమే. ఎనిమిది గ్రాముల కాసు చేయించుకునేవాళ్లకు 400. ఆ మీద తరుగు, మజూరీ, జీఎస్టీ ఎటూ ఉన్నాయి.

గ్యాస్ వార్త వస్తే ముందు "వాణిజ్య" అనే మాట వెతకండి. ఇంటి సిలిండర్ 14.2 కిలోలు, హోటళ్లు వాడేది 19 కిలోలు. నెల మొదటి తేదీన వచ్చే వార్తల్లో చాలావరకు ఈ 19 కిలోల సిలిండర్‌వే. "సిలిండర్ ధర తగ్గింది" అని శీర్షికలో పెట్టి, "వాణిజ్య" అన్న మాటను మూడో పేరాలో దాస్తారు. ఇల్లాలి ఆశతో ఆడుకోవడం ఇది. నాకు బాగా కోపం తెప్పించే పద్ధతి.

బియ్యం బస్తా సంగతి మన దగ్గర ప్రత్యేకం. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాక్ చేసిన, లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ తర్వాతే, ఆ పరిమితి దాటేలా, మార్కెట్లో 26 కిలోల బస్తాలు కనిపించడం మొదలైంది. 25 కిలోల బస్తా 1,450, 26 కిలోల బస్తా 1,500 అనుకుందాం. "బస్తాకు 50 పెరిగింది" అన్నా అబద్ధం కాదు. కిలో లెక్కకు వస్తే మొదటిది 58 రూపాయలు, రెండోది 57 రూపాయల 69 పైసలు. అంటే నిజానికి కాస్త తగ్గింది.

నూనె ప్యాకెట్ దీనికి తలకిందులు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు ఉంటుంది. అదే రంగు, అదే సైజులా కనిపించే ప్యాకెట్లో 850 గ్రాములే ఉండొచ్చు. 910 గ్రాములు 160 రూపాయలైతే కిలో 175.82 పడుతుంది. 850 గ్రాములు 152 రూపాయలైతే కిలో 178.82. ప్యాకెట్ ధర ఎనిమిది రూపాయలు తగ్గింది, నూనె ధర మూడు రూపాయలు పెరిగింది. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ దగ్గర్లో చిన్న అక్షరాలతో యూనిట్ ధర కూడా ముద్రించి ఉంటుంది. రెండు ప్యాకెట్లు పోల్చేటప్పుడు దాన్నే చూడండి.

4. ఏ రకం, ఏ అంచెలో ధర?

గుంటూరు మిర్చి యార్డు వార్తలంత చక్కగా దీన్ని నేర్పేవి ఇంకేం లేవు. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

ఇలాంటి శీర్షిక అనుకోండి: "రికార్డు ధర పలికిన మిర్చి". ఆవకాయల కాలం దగ్గర పడుతుంటే ఇది చూసిన ఇంట్లో వెంటనే టెన్షన్. కారం ఇప్పుడే కొట్టించేద్దామని బయల్దేరతారు. బయల్దేరే ముందు ఇవి అడగండి.

ఏ రకం? తేజ, 334, బ్యాడిగి ఒక్కటి కావు. తేజ ఘాటుకు, బ్యాడిగి రంగుకు. మీ ఇంట్లో వాడేది ఏది?

ఏ కాయ? కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చినవాటిని "ఏసీ" అంటారు, నేరుగా వచ్చినవి "నాన్ ఏసీ". రెండింటికీ వేర్వేరు రేట్లు. మేలు రకం కాయకు ఒక రేటు, రంగు పోయిన తాలు కాయకు అందులో చాలా తక్కువ రేటు.

ఎన్ని టిక్కీలకు (మిర్చి బస్తాలకు)? రోజూ వేల టిక్కీలు వచ్చే యార్డులో మంచి కాయ ఉన్న కొన్ని టిక్కీలకు పలికిన గరిష్ఠ ధర ఎక్కువగా శీర్షికకు ఎక్కుతుంది. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో మార్కెట్ల వారీగా కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు మూడూ ఉంటాయి. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర అమ్ముడైందో చెప్పేది మోడల్ ధర. మీరు దాన్నే పట్టుకోండి.

ఎవరికి వచ్చే ధర? యార్డు ధర క్వింటాకు. వందతో భాగిస్తే కిలో ఎండుమిర్చి ధర వస్తుంది. అది కారం ధర కాదు. ముచ్చికలు తీయించాలి, ఎండబెట్టాలి, మర పట్టించాలి. ఆ తరుగు, ఆ కూలి కలిశాకే డబ్బాలోకి కారం వస్తుంది.

పడిపోయినప్పుడూ ఇంతే. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర బాగా పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. అంటే కిలో 117 రూపాయల 81 పైసలు. అది రైతుకు నష్టం తగ్గించడానికి వేసిన లెక్క. దాన్ని చూసి కొట్లో "కిలో కారం 120కి ఇవ్వండి" అని పట్టుబట్టడం సరికాదు. ఆ వార్త వచ్చిన రోజుల్లో పెట్టుబడి కూడా రాక రైతు యార్డు గేటు దగ్గర పడిగాపులు కాశాడన్నది మనం మర్చిపోకూడదు.

గుడ్లు, చికెన్‌కూ ఇదే సూత్రం. నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) ప్రకటించే గుడ్డు ధర వంద గుడ్లకు, అదీ టోకు స్థాయిలో. విజయవాడకు విడిగా రేటు ఉంటుంది. ఆ మీద రవాణా, పగిలిపోయిన గుడ్లు, కొట్టువాడి కాస్త లాభం కలుస్తాయి. చికెన్ వార్తలో కిలో ధర లైవ్‌కా, స్కిన్‌తోనా, స్కిన్‌లెస్‌కా అని రాశారో లేదో చూడండి. రాయకపోతే ఆ అంకెతో మీకు పని లేదు.

5. ఎక్కడి ధర?

దేశవ్యాప్త వార్తల్లో పెట్రోలు, గ్యాస్ ధరలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైవి ఇస్తారు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ వేరు, రవాణా ఖర్చు వేరు. వార్తలో మన ఊరి పేరు లేకపోతే, "ఎంత మారింది" అన్న తేడా మాత్రమే తీసుకోండి. "ఎంత ఉంది" అన్నది తీసుకోవద్దు.

టమాటా వార్త మదనపల్లెదో, కర్నూలు జిల్లా పత్తికొండదో అయి ఉంటుంది. అక్కడ కిలో రూపాయికి పడిపోయిందని చదివి, విజయవాడ పటమటలో తోపుడు బండి మీద ఇరవై చెప్పేవాడిని దొంగలా చూడొద్దు. అక్కడి నుంచి ఇక్కడికి లారీ, హమాలీ, కుళ్లిన కాయల నష్టం అన్నీ దాటి వచ్చిన సరుకది. తేడా మరీ ఎక్కువనిపిస్తే రైతుబజారు బోర్డుతో పోల్చండి. పోల్చాల్సింది మన ఊరి ధరతోనే.

6. ఎప్పటితో పోలిక?

టమాటా 20 నుంచి 60కి పెరిగితే 200 శాతం పెరిగినట్టు. 60 నుంచి 30కి దిగితే "సగానికి పడిపోయిన టమాటా" అని వస్తుంది. నిజమే, కానీ మీరు మొదట కొన్న 20తో పోలిస్తే ఇంకా సగం ఎక్కువే ఇస్తున్నారు. పోలిక నిన్నటితోనా, కిందటి నెలతోనా, కిందటి ఏడాది ఇదే నెలతోనా అన్నది వార్తలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. వెతికి పెన్సిల్‌తో గీత గీయండి.

ఇక ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో ధరలు ఎంత శాతం పెరిగాయన్న లెక్క. ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో జాతీయ గణాంక కార్యాలయం వినియోగదారుల ధరల సూచీ విడుదల చేస్తుంది. మర్నాడు "ద్రవ్యోల్బణం తగ్గింది" అన్న వార్త "ధరలు తగ్గాయి"గా మారిపోతుంది. ద్రవ్యోల్బణం 6 నుంచి 3కి దిగిందంటే ధరలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, పెరిగే వేగం మాత్రమే సగమైంది. బస్సు స్పీడు తగ్గినంత మాత్రాన వెనక్కి నడవదు కదా.

నిజంగా వెనక్కి వచ్చిన నెలలూ ఉన్నాయి. 2025 అక్టోబరులో మొత్తం ద్రవ్యోల్బణం 0.25 శాతమే. ఆహార ధరలైతే ఏడాది కిందటితో పోలిస్తే 5.02 శాతం తగ్గాయి. ఆ లెక్క వచ్చిన రోజు మా పిన్ని ఫోన్ చేసి, "ఏరా, ఐదు శాతం తగ్గాయంటున్నారు, నాకేం తేడా తెలియట్లేదే" అంది. ఆవిడ అనుమానం సరైందే. అంతకు ముందు ఏడాది, 2024 అక్టోబరులో, ఆహార ధరలు 10.87 శాతం పెరిగి ఉన్నాయి.

లెక్క వేద్దాం. 2023 అక్టోబరులో 100 రూపాయల సరుకు 2024కి 110.87 అయింది. అందులో 5.02 శాతం తగ్గితే 105.30. 2023లో వందకు వచ్చిన సంచికి 2025 అక్టోబరులో నూట ఐదు పైన ఇచ్చాం. వార్త నిజం, పిన్ని మాటా నిజం. శాతాల వార్త ఏది వచ్చినా ఇలా ఒక ఏడాది వెనక్కి వెళ్లి చూడండి.

పైగా అది దేశం మొత్తం సగటు. ఆ లెక్కలో ఏ వస్తువుకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నదీ దేశం మొత్తం ఖర్చు చూసి వేసిందే. మీ సంచి లెక్క మీ పుస్తకంలోనే ఉంది.

7. పన్ను మారిందా, మీరిచ్చే ధర మారిందా?

2025 ఏప్రిల్ 7న పెట్రోలు, డీజిల్ మీద ఎక్సైజ్ సుంకం లీటరుకు 2 రూపాయలు పెంచారు. ఫోన్లన్నీ మోగాయి. మా తమ్ముడు ఆ రాత్రే బెంజ్ సర్కిల్ వైపు వెళ్లి, లైన్లో నిలబడి ట్యాంకు నింపించుకొచ్చాడు. పొద్దున బంకులో రేటు మారలేదు. ఆ పెంపు చిల్లర ధర మీద పడదని పెట్రోలియం శాఖ అప్పటికే చెప్పింది. అదే రోజు ఇంటి గ్యాస్ సిలిండర్ మీద పెంచిన 50 రూపాయలు మాత్రం నిజంగా మన జేబులోంచే పోయాయి. రెండు వార్తలూ పక్కపక్కనే వచ్చాయి, జనం పరుగెత్తింది మాత్రం మొదటిదానికి.

తగ్గింపు వార్తలకూ ఇదే పరీక్ష. 2025 మే 30న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. "సుంకం సగానికి కోత" అంటే నూనె సగం ధరకు వస్తుందని ఆశపడ్డవాళ్లున్నారు. సెస్సులు కలిపి చూస్తే మొత్తం సుంకం 27.5 నుంచి 16.5 శాతానికి దిగింది. రేవులో 100 రూపాయల నూనె 127.50 పడేది 116.50 అయింది. అంటే దిగుమతి దగ్గర తగ్గింది తొమ్మిది శాతం లోపే. శుద్ధి, ప్యాకింగ్, రవాణా ఖర్చులు అలాగే ఉంటాయి. పాత సరుకు అమ్ముడవ్వాలి. అప్పుడు గానీ మన కొట్టుకు కొత్త ఎంఆర్‌పీ ప్యాకెట్ రాదు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు "పాల మీద జీఎస్టీ సున్నా" అన్నది ఊరంతా తిరిగింది. సున్నా అయింది నెలల తరబడి నిల్వ ఉండే యూహెచ్‌టీ పాలకు. పొద్దున్నే గుమ్మం ముందు పడే ప్యాకెట్ పాలకు అంతకు ముందూ జీఎస్టీ లేదు. లేని పన్ను ఎలా తగ్గుతుంది? పాపం, ఆ వారమంతా పాలు వేసే కుర్రాళ్లు మాటలు పడ్డారు.

పన్ను వార్త చూడగానే అడగాల్సినవి:

- ఏ వస్తువు, అందులో ఏ రకం?
- అంతకు ముందు దాని మీద పన్ను ఎంత?
- ఏ తేదీ నుంచి అమలు?
- భారం ఎవరు మోస్తారు? చిల్లర ధర మారుతుందని స్పష్టంగా చెప్పారా?

8. బజారులో సరిచూసుకోవడం

ఇప్పటిదాకా కూర్చుని చేసిన పని. ఇక కాళ్లకు పని.

కూరగాయలకు రైతుబజారు బోర్డు చూడండి. విజయవాడలో పటమట, సింగ్‌నగర్, కేదారేశ్వరపేట, గుంటూరులో చుట్టుగుంట. అక్కడ ఏ రోజు ధర ఆ రోజు రాస్తారు. పొద్దున్నే వెళ్లి ఫొటో తీసుకోండి, సాయంత్రం బండి దగ్గర ధరతో అదే రోజు పోల్చండి. రెండు రోజుల కిందటి బోర్డుతో పోలిస్తే లాభం లేదు.

పప్పులు, నూనెలకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రోజూ చిల్లర, టోకు ధరలు పెడుతుంది. ఆ జాబితాలో విజయవాడ కూడా ఉంది. టోకు రేటు స్వయంగా తెలుసుకోవాలంటే గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్‌లో అడగొచ్చు. కానీ అక్కడి రేటు బస్తాల మీద అని గుర్తుంచుకోండి.

మీ వీధి కొట్లో అడిగేటప్పుడు అడిగే తీరు మార్చండి. "పేపర్లో తగ్గిందంటున్నారు" అని మొదలుపెట్టొద్దు. "అన్నా, ఈ సరుకు ఎప్పుడు దించారు? కొత్త స్టాకు ఎప్పుడొస్తుంది?" అని అడగండి. గల్లా అవతల కూర్చున్నవాడిగా చెబుతున్నా, ఈ ప్రశ్నకు నిజమైన జవాబే వస్తుంది. "కొత్తది శుక్రవారం వస్తుందమ్మా, అప్పటిదాకా అరకిలో తీసుకెళ్లండి" అని చెప్పిన రోజులు మా కొట్లో చాలా ఉన్నాయి.

ఎంఆర్‌పీ కంటే ఎక్కువ అడిగితే అది వేరే సంగతి. బిల్లు తీసుకుని, ప్యాకెట్ ఫొటో ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ తూనికలు, కొలతల శాఖకు గానీ ఫిర్యాదు చేయండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పెరుగుతుందన్న వార్త చూసి ఆరు నెలల సరుకు కొనేయడం. ఒకసారి మా అమ్మ ఇలాగే కందిపప్పు ఇరవై కిలోలు దించింది. వానాకాలంలో సగం పురుగు పట్టింది. నెలకు ఎంత వాడతారో పుస్తకంలో చూసి, ఎక్కువలో ఎక్కువ ఇంకో నెలకు సరిపడా కొనండి.

తగ్గుతుందని ఆగిపోవడం. కూరగాయల ధర రెండు రోజుల్లో మారిపోతుంది, వాటికోసం ఆగడంలో అర్థముంది. ప్యాకెట్ సరుకు కొత్త స్టాకు వచ్చేదాకా మారదు, దానికోసం వంట ఆపుకోవద్దు. చిన్న ప్యాకెట్‌తో నెట్టుకురండి.

ఒకే వార్తను నాలుగు సైట్లలో చూసి నాలుగు సాక్ష్యాలు అనుకోవడం. చాలాసార్లు మూలం ఒక్కటే. అంకె ఎవరు ప్రకటించారో ఆ సంస్థ పేరు వెతకండి. పేరే లేకపోతే "మార్కెట్ వర్గాలు" అన్న మాట మీద డబ్బు పెట్టొద్దు.

వేరే రకంతో పోల్చడం. పాత బీపీటీ బియ్యాన్నీ కొత్త బియ్యాన్నీ పక్కపక్కన పెట్టి ధర పెరిగిందనడం లాంటిది. పుస్తకంలో రకం రాయనందుకే ఈ తప్పు జరుగుతుంది.

10. గ్రూపులో పంపే ముందు

సరిచూసుకున్నాక మీకు తెలిసింది నలుగురికీ చెప్పండి, కానీ పంపినవాళ్లను చిన్నబుచ్చొద్దు. వాళ్లు మంచి జరగాలనే పంపారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో గ్యాస్ వార్త వచ్చినప్పుడు నేను పెట్టే మెసేజ్ ఇలా ఉంటుంది, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"లక్ష్మి ఆంటీ, మీరు పంపిన వార్త నిజమేనండి. అయితే అది హోటళ్లు వాడే 19 కిలోల సిలిండర్‌దట, రెండో పేజీలో ఉంది. మన 14.2 కిలోలది మారలేదు. బుక్ చేయాల్సినవాళ్లు ఆగకుండా చేసేసుకోండి. మన ఊరి రేటు బుకింగ్ మెసేజ్‌లో వస్తుంది, వచ్చినవాళ్లు ఇక్కడ పెడితే అందరికీ తెలుస్తుంది."